డిక్కీలో మారణాయుధాలు

మా కారు డిక్కీలో సామాను ఎప్పుడూ ఇంతే: కొబ్బరికాయలు వలవడానికి ఒక పొట్టి గడ్డపార, తోటలో కొమ్మలు కొట్టడానికి ఒక కొడవలి, నైలాను తాడు చుట్ట, టార్చిలైటు, జాకీ, జాకీ తిప్పే రాడ్డు, నాలుగు మూతుల వీల్ స్పానరు. మదురై నుంచి తిరిగివచ్చేటప్పుడు వీటికి తోడు అత్తగారు ఎండబెట్టి మరపట్టించిన ఐదు కిలోల కారం. పత్రికల్లో జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్ళకు ఈ జాబితా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ‘దోపిడీకి పథకం వేసిన ముఠా అరెస్టు’ అనే వార్త పక్కన ఫొటోలో, పోలీసువారి ముందు బల్ల మీద పరిచి ఉండేది అచ్చం ఈ సామానే. కారప్పొడితో సహా.

ఇక కావలసింది ముఠా. దానికీ లెక్క ఉంది. బందిపోటు దోపిడీ అనాలంటే కనీసం ఐదుగురు ఉండాలని పాత పీనల్ కోడ్ చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితా అదే చెబుతోంది. దోచక్కర్లేదు, దానికి సిద్ధం కావడమే నేరం. పదేళ్ళ దాకా వేయొచ్చు. నేను, మా ఆవిడ, అత్తగారు, బావమరిది, అతని భార్య. ఐదుగురం. మా కారు సీట్లు కూడా ఐదే.

ఈ లెక్క నాకు చెప్పినవాడు ఆ ఐదుగురిలో ఒకడైన మా బావమరిది. మద్రాసు హైకోర్టుకు 2004లో మదురైలో ధర్మాసనం పెట్టినప్పటి నుంచి అక్కడే వకీలు. నాకు చెప్పి మూడు రోజులు నిద్ర లేకుండా చేశాడు గానీ, అసలు అవసరం పడినప్పుడు నోరు విప్పలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నా గురించి చెప్పాలంటే, కోయంబత్తూరు పీళమేడులో పుట్టి, పంపుసెట్ల విడిభాగాలు పోసే ఫౌండ్రీలకు కోకు బొగ్గు సరఫరా చేసి, మోకాళ్ళు అరిగాక వ్యాపారం కట్టిపెట్టిన నాయుణ్ణి. గోడ మీద బల్లి కనబడితే మా ఆవిణ్ణి పిలుస్తాను. ఆవిడ మదురై పిల్ల. చీపురు తిరగేసి పట్టుకొని వస్తుంది. నేను ఆ లోగా పక్క గదిలోకి వెళ్ళి పేపరు చదువుతుంటాను.

అయితే వంశం మాత్రం అలాంటిలాంటిది కాదు. మా పెళ్ళిళ్ళలో భోజనాలయి ఆకూవక్కా నోట్లో పడగానే ఎవరో ఒక పెద్దాయన మొదలుపెడతాడు. “మనోళ్ళు ఉత్తచేతులతో రాలేదు సామీ, కత్తి పట్టుకొని వచ్చినారు.” విజయనగరం నుంచి విశ్వనాథ నాయకుడు 1529లో మదురైకి రావడం, దేశాన్ని 72 పాళయాలుగా పంచడం, తిరుమల నాయకుడు 1636లో మహలు కట్టించడం, అన్నీ నిన్నమొన్న తాను దగ్గరుండి చూసినట్టే చెబుతాడు. మా అత్తగారిల్లు ఆ మహలుకు కూతవేటు దూరంలో. మహలులో చాలా భాగం ఎప్పుడో పోయింది. విడిగా ఒక సందులో మిగిలిన పది రాతి స్తంభాలను పత్తుతూణ్ అంటారు. నేను అల్లుడిగా మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ స్తంభాల దగ్గర స్కూటరు ఆపి, మనవాళ్ళ కట్టడం కదా అని ఛాతీ విరుచుకున్నాను. వెనక నుంచి తోపుడుబండివాడు జరగమన్నాడు. జరిగాను.

కత్తి పట్టుకొని వచ్చిన చేతులు ఎప్పుడు ఖాళీ అయ్యాయో మాత్రం పెళ్ళిళ్ళ పెద్దాయన చెప్పడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో, తెల్లదొరల మీద తిరగబడ్డ పాళయగాడు కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల బిడ్డ ఆయన. ఆ వెనక 1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు దక్షిణాది పాళయాలన్నిటికీ చాటింపు వేయించాడు, ఆయుధాలు అప్పజెప్పమని. 1878లో వైస్రాయి లిట్టన్ దొర దేశం మొత్తానికీ ఆయుధ చట్టం తెచ్చాడు. కొడగువాళ్ళకు మాత్రం తుపాకీ విషయంలో మినహాయింపు దక్కింది, ఈనాటికీ ఉంది. మాకు దక్కలేదు. దక్కి ఉంటే నా వంటివాడు ఏం చేసేవాడో అనుకుంటే నాకే భయమేస్తుంది.

కత్తులు పోయాక కోయంబత్తూరు వైపు మావాళ్ళు ఇనుముతో వేరే పనులు నేర్చుకున్నారు. 1910లో కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్లు, 1930లలో పైకారా కరెంటు, ఆపైన ఇంటికో మోటారు, వీధికో లేతు, వంటింటికో వెట్ గ్రైండరు. జి.డి. నాయుడుగారు తయారుచేసిన వాటిలో పదునుకు పేరుపడినది ‘రసాంత్’ అనే కరెంటు రేజరు. అంటే విశ్వనాథుడి ఖడ్గంతో మొదలైన వంశ చరిత్ర గడ్డం గీసుకోవడం దగ్గరికి వచ్చి ఆగింది. నాకైతే ఇది పురోగతిలాగే కనిపిస్తుంది. పెళ్ళిలో ఈ మాట అంటే భోజనాల తర్వాత తాంబూలం ఇవ్వకుండా పంపేస్తారు.

ఇటువంటి నాకు ఆయుధం పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. వాట్సాప్ వల్ల పట్టింది. రాత్రివేళ కారు అద్దం మీద కోడిగుడ్డు కొడతారట, వైపరు వేస్తే అద్దం తెల్లబడిపోతుందట, కారు ఆపగానే మీద పడతారట. ఈ సందేశం నాకు వేర్వేరు బంధువుల నుంచి వేర్వేరు హైవేల పేర్లతో వచ్చింది. ఎవరికి జరిగిందో ఒక్కరికీ తెలియదు. సినిమాలు చూడబోతే తెలుగులో సీమ అంటే సుమోలు గాల్లోకి లేస్తాయి, తమిళంలో మదురై అంటే వీపు వెనక నుంచి అరువాళ్ళు, అంటే వేటకొడవళ్ళు, బయటికొస్తాయి. నేను రెండు భాషల సినిమాలూ చూసేవాణ్ణి కాబట్టి రెండు రకాల భయమూ సమంగా దక్కింది. పల్లడం, తారాపురం, ఒట్టన్‌ఛత్రం మీదుగా చీకట్లో మదురై పోయేటప్పుడు సీటు కింద ఏదో ఒకటి ఉండాలనిపించింది.

డిక్కీ నిండా ఇనుమున్నా, ఏదీ నాకు ఆయుధంలా కనిపించలేదు. గడ్డపార చూస్తే కొబ్బరికాయలు గుర్తొస్తాయి, స్పానరు చూస్తే పంక్చరు గుర్తొస్తుంది. దొంగకు కూడా అవే గుర్తొస్తే నా గతేం కాను? అందుకని ప్రత్యేకంగా చేయించాను. కోయంబత్తూరులో పుట్టినవాడు ఏ సమస్య వచ్చినా చివరికి లేతు దగ్గరికే పోతాడు.

ఆవారంపాళయంలో తెలిసిన పట్టరై, అంటే వర్క్‌షాపు, ఒకటుంది. ఈఎన్ 8 రకం ఉక్కు రాడ్డు, ముప్పాతిక అంగుళం మందం, అడుగు పొడవు. ఒక కొస గుండ్రంగా మలచాలి. ఇంకో కొస నాలుగంగుళాల మేర పట్టు జారకుండా నర్లింగ్ కొట్టాలి. కొసన తాడు దూర్చడానికి బెజ్జం. లేతు అబ్బాయి రాడ్డును చక్‌లో బిగించి, నర్లింగ్ చక్రం ఆనించి, పైన ఆయిలు పోస్తూ నన్నడిగాడు.

“ఏ పంపుకు ఇది, అన్నా?”

“పంపుకు కాదప్పా, ఉత్తినే.”

“టాలరెన్సు ఎంత?”

“కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు.”

అతను లేతు ఆపేశాడు. కోయంబత్తూరు పట్టరైలో అటూ ఇటూ అయినా పర్వాలేదని ఎవరూ అనరు. నన్ను కిందికీ మీదికీ చూసి మళ్ళీ మోటారు వేశాడు. ఇనుము మీద చిన్న చిన్న వజ్రాల ఆకారంలో గాట్లు వరసగా లేచాయి. చాలా అందంగా ఉంది. ఇంటికి తెచ్చి, పాత తువ్వాలులో చుట్టి, డ్రైవరు సీటు కిందికి తోశాను. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. కారు షెడ్డులో ఉంది, రాడ్డు కారులో ఉంది, నేను మేడ మీద ఉన్నాను. దొంగ వస్తే ఏ క్రమంలో ఏం జరగాలో ఆలోచించలేదు.

అది కుదురుగా ఉండే రకం కాదు. గట్టిగా బ్రేకు వేస్తే తువ్వాలు విప్పుకొని దొర్లివచ్చి నా మడమకు టక్కుమని తగిలేది. ఒకసారి బ్రేకు పెడలు కిందికే పోబోయింది. ఇంతవరకూ ఆ ఆయుధం వల్ల దెబ్బ తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

గుట్టు ఆయుధ పూజనాడు రట్టయింది. మా ఇంట్లో పూజకు పెట్టనిదంటూ ఉండదు. గ్రైండరు, కుట్టుమిషను, కత్తెర, కత్తిపీట, నా పాత తూకపు రాళ్ళు, మనవడి ల్యాప్‌టాప్, కారు తాళాలు, అన్నిటికీ గంధం, కుంకుమ. అంత దైవభక్తి ఉన్న రోజున సీటు కింది దానికి ఒక బొట్టయినా లేకపోతే ఎలా అని, ఎవరూ చూడకుండా తెచ్చి కత్తిపీట వెనక పెట్టాను. మా ఆవిడ హారతి పళ్ళెం తిప్పుతూ తిప్పుతూ అక్కడ ఆగింది.

“ఇదేంది?”

పాండవులు ఇంతకన్నా బాగా దాచారు. విరాటనగరం పొలిమేరలో, శ్మశానం పక్కన జమ్మిచెట్టెక్కి, ఆయుధాలు కొమ్మకు కట్టి, అడిగినవాళ్ళకు అది తల్లి శవమని చెప్పి పోయారు. ఒక్కడూ దగ్గరికి రాలేదు. నేను హడావుడిలో “స్పేరు” అన్నాను. దేనికి స్పేరని ఆవిడ అడగలేదు. బెజ్జంలోని తాడు పట్టుకొని చచ్చిన ఎలకను ఎత్తినట్టు పైకెత్తి చూసి, పూజయ్యాక తమ్ముడికి ఫోను కొట్టింది.

స్పీకరు పెట్టారు. బావమరిది ముందు నవ్వాడు, తర్వాత వకీలయ్యాడు.

“బావా, 1959 ఆయుధ చట్టం మొదట చూసేది ఎంత పదును అని కాదు, దేనికి చేసినారు అని. కొట్టడానికో కాచుకోడానికో ఆయుధంగా తయారు చేసిందయినా, ఉండేదాన్ని అట్ల మార్చిందయినా ఆయుధమే. ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే చేసింది కాదు. లాఠీ, చేతికర్ర అని పేరు పెట్టి మరీ వదిలేసినారు.”

“అయితే కత్తిపీట?”

“కత్తిపీటకు ఏమీ లేదు. కూరగాయలు కోసుకోండి.”

1962 నాటి నియమావళిలో అంగుళాల లెక్క కూడా ఉందట. కత్తులు, బాకులు, బల్లేలు, తొమ్మిదంగుళాలకు మించి పొడవో రెండంగుళాలకు మించి వెడల్పో ఉన్న అలుగులు. వీటిలోనూ ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకీ శాస్త్రానికీ చేసినవి మినహాయింపు. 2016లో నియమావళి తిరగరాశారు గానీ ఆ వరస పెద్దగా మారలేదన్నాడు. సిక్కుల కిర్పాణానికి రాజ్యాంగమే 25వ అధికరణంలో చోటిచ్చింది. పైగా పదునైన ఆయుధాల విషయంలో కేంద్రం ఏ ప్రాంతానికి నోటిఫికేషన్ ఇస్తే అక్కడే లైసెన్సు కట్టుబాటు. అటువంటి చోట లేకుండా పట్టుకు తిరిగితే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు.

నేను కుట్టుమిషను పెట్టెలో టేపు తీసుకొని కత్తిపీట ముందు కూర్చున్నాను. అలుగు వంపు వెంబడి కొలిస్తే పదిన్నర, కొస నుంచి మొదలుకు సూటిగా కొలిస్తే తొమ్మిది. వెడల్పు పొట్ట దగ్గర రెండుంపావు. వంపు కొలవాలా, సూటి కొలవాలా అని ఫోన్లో అడిగాను. “అల్లా అడగొద్దు బావా, కోర్టులో కూడా” అన్నాడు. మా ఆవిడ ఈ లోగా వంకాయలు తెచ్చి, టేపు మీదే కాలు పెట్టి పీట మీద కూర్చుంది. చట్టపరమైన వినియోగం మొదలయింది.

“గడ్డపార?” అన్నాను.

“పక్కన కొబ్బరికాయలు ఉంటే సేద్యం. రాత్రి రెండు గంటలప్పుడు బ్యాంకు షట్టరు పక్కన ఉంటే వేరే. వస్తువు మారదు బావా, కేసు మారతాది.”

“స్పానరు, జాకీ రాడ్డు?”

“కారుతో వచ్చినవే కదా.”

“మరి ఆ రాడ్డు?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. “ఆ జాబితాలో ఉక్కు లాఠీ అని ప్రత్యేకంగా ఉంది. మీ డిక్కీలో పది కిలోల ఇనుము ఉంది బావా. అంతా న్యాయమైందే. మీరు డబ్బిచ్చి చేయించిన ముప్పాతిక అంగుళం ఒక్కటే తంటా. దానికి పట్టు కొట్టించినారు, తాడు కట్టినారు. దేనికి చేసినారు అంటే ఏం చెప్తారు?”

“ఆత్మరక్షణకు.”

“అయిపోయింది” అన్నాడు.

ఇదే మాట ఇంగ్లండులో ఉన్న మావాడితో చెప్పుకొని వాపోతే, అక్కడ ఇంకా అన్యాయమని తెలిసింది. 1953 చట్టం ఒకటుందట. గాయపరచడానికి చేసినదయినా, మార్చినదయినా, ఏ మామూలు వస్తువునయినా ఆ ఉద్దేశంతో వీధిలో దగ్గర పెట్టుకున్నా నేరమే. కారులో క్రికెట్ బ్యాటు ఉంటే పక్కన బంతి కూడా ఉండటం మంచిదని వాళ్ళ ఆఫీసులో అనుకుంటారట. “నాన్నా, ఇక్కడ పోలీసు అడిగితే ఆత్మరక్షణకు అని మాత్రం అనకూడదు. అంటే నేరం ఒప్పుకున్నట్టే” అన్నాడు. అంటే, భయస్థుడు నిజం చెప్పడానికి భూగోళం మీద చోటు లేదు.

విమానాలవాళ్ళు వీళ్ళందరికన్నా భయస్థులు. మా పీళమేడులోనే విమానాశ్రయం. అక్కడ మా ఆవిడ గోళ్ళు కత్తిరించుకునేది ఎన్నిసార్లు తిరిగి ఇవ్వలేదో! కొబ్బరికాయను క్యాబిన్‌లోకి రానివ్వరు. ఆ తర్వాతెప్పుడో, 2024 అక్టోబరులో, శబరిమల భక్తులకని, ఇరుముడిలో కాయకు మాత్రం, అదీ జనవరి 20 దాకా, అనుమతి ఇచ్చారు. కొబ్బరికాయకే గడువు పెట్టిన దేశంలో నా రాడ్డుకు దిక్కెవరు?

అయినా తీసి పారేయలేదు. ఎందుకంటే అంత చక్కటి నర్లింగ్. తువ్వాలు మార్చి, మళ్ళీ సీటు కిందే పెట్టాను.

2024 వేసవిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, అత్తగారి మొక్కు ఒకటి తీర్చాల్సి వచ్చింది. మదురై చుట్టుపక్కల ఊళ్ళకు పొలిమేర కాపు కరుప్పుస్వామి. అళగర్ కోవిల్లో పదునెట్టాంపడి కరుప్పంటే మూసి ఉన్న తలుపులకే పూజ; అంత భయం. పల్లెల్లో ఆయన గుడి ముందు నిలువెత్తు అరువాళ్ళు నేలలో పాతి ఉంటాయి. మా అత్తగారి పుట్టింటి ఊరు శివగంగ వైపు. ఆ ఊరి కరుప్పుకు అరువాలు ఇస్తానని ఆవిడ మోకాలి ఆపరేషన్‌ప్పుడు మొక్కుకుంది. తెలుగువాళ్ళ తల్లి, తమిళ దేవుడు. ఐదు వందల ఏళ్ళలో ఇద్దరికీ మాట కలిసిపోయింది.

అరువాలంటే తిరుప్పాచేత్తి. ఆ ఊరి కమ్మరులకు దానిమీదే పేరు. కొలిమి దగ్గర ముసలాయన తల ఎత్తకుండానే అడిగాడు: “సామికా, తోటకా?” నేను వెంటనే బావమరిది వైపు చూశాను. చట్టసభలో అంత పొడుగున రాసుకున్నది ఈయన రెండు మాటల్లో తేల్చేశాడు. సామికి అన్నాం. మూడడుగుల అరువాలు, చంద్రవంక లాంటి కొస. దేవుడికిచ్చేది ఇంటి పనా, సేద్యమా, పరిశ్రమా అని నేను అడుగుతుంటే బావమరిది కారు తలుపు వేసేశాడు. అత్తగారు అలుగు పొడుగునా గంధం పూసి, కుంకుమ పెట్టి, కొసకు నిమ్మకాయ గుచ్చి, మూర మదురై మల్లె చుట్టింది. దాన్ని వెనక సీట్లో ముగ్గురి ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టారు. డిక్కీలో సామాను మామూలే. గుడి నుంచి అటే కోయంబత్తూరు పోదామని కారం డబ్బా కూడా ఎక్కించేశాం.

పదిహేను నిమిషాల్లో చెక్‌పోస్టు. ఎన్నికల నిఘా బృందం: ఒక అధికారి, ఇద్దరు పోలీసులు, వీడియో తీసే కుర్రాడు. నేను గట్టిగా బ్రేకు వేశాను. మడమకు టక్కుమంది.

వాళ్ళకు కావలసింది డబ్బు. కాగితాలు లేకుండా యాభై వేలకు మించి నగదుంటే పట్టుకుంటారు. డిక్కీ తెరిచారు. గడ్డపార జరిపి చూశారు, కింద డబ్బు లేదు. కొడవలి ఎత్తి చూశారు, లేదు. తాడు చుట్టలో లేదు. కుర్రాడు కెమెరా తిప్పుతూ అన్నీ ఎక్కించాడు. మారణాయుధాల మీదుగా కెమెరా అలా పోతుంటే నాకు జిల్లా పేజీ కళ్ళముందు ఆడింది. చివరికి అధికారి కారం డబ్బా మూత లాగి, లోపల నోట్ల కట్టలున్నాయేమోనని పెన్నుతో కెలికాడు.

అది గుంటూరు పేరు చెప్పుకొనే రకం కాదు గానీ, కొత్తగా పట్టించిన కారం. గాలి ఎదురుగా ఉంది. అధికారి తుమ్మాడు, పోలీసులు తుమ్మారు, కుర్రాడు కెమెరాతో సహా తుమ్మాడు. ప్రభుత్వోద్యోగుల కళ్ళల్లో కారం కొట్టిన నేరం వీడియోలో స్పష్టంగా నమోదయింది. కొట్టినవాడు కూడా స్పష్టంగా కనిపిస్తాడు, అదొక్కటే ఊరట.

కళ్ళు తుడుచుకుంటూ పోలీసాయన వెనక తలుపు తీశాడు. మూడడుగుల అరువాలు. నా గుండె ఆగింది. ఆయన చటుక్కున చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, “ఏ ఊరి కరుప్పు?” అని అడిగాడు. అత్తగారు ఊరి పేరు చెప్పింది. వాళ్ళ పెద్దమ్మ ఊరు పక్కనే అట. గంధం తీసి నుదుట పెట్టుకున్నాడు. తర్వాత ముందు తలుపు దగ్గరకొచ్చి, నా కాళ్ళ దగ్గర దొర్లుతున్నదాన్ని తువ్వాలుతో సహా తీశాడు.

“ఇదేంది సార్?”

ఆత్మరక్షణ అనకూడదని ఇంగ్లండు చెప్పింది. అబద్ధం చెప్పకూడదని మదురై ధర్మాసనం చెప్పింది. ఈ రెండూ తీసేస్తే నా దగ్గర మాటలేవీ మిగల్లేదు. బావమరిది వైపు చూశాను. అతను కిటికీలోంచి తాటిచెట్లు లెక్కపెడుతున్నాడు.

“అది నాదప్పా” అంది అత్తగారు వెనక నుంచి.

ఒళ్ళోని సంచిలో చెయ్యి పెట్టి ఇత్తడి రోలు బయటికి తీసింది. బొటనవేలంత లోతు, పళ్ళు లేని ముసలమ్మలు ఆకూవక్కా దంచుకునే బుల్లి రోలు. దాని రోకలి ఎప్పుడో పోయింది. స్పూను కాడతో నెట్టుకొస్తోందని ఇంటిల్లిపాదికీ తెలుసు. పోలీసాయన చేతిలోంచి నా రాడ్డు అందుకొని, గుండ్రంగా మలిచిన కొస రోట్లో పెట్టింది. కొలత తీసి చేయించినట్టు దిగింది. రెండు దెబ్బలు వేసి, “అల్లుడు కోయంబత్తూరులో చేయించి తెచ్చినాడు. బంగారం లాంటి మనిషి” అంది.

పోలీసాయన నన్ను తేరిపార చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంటుందేమో, కొంచెమైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఇంత ఇనుము వేసుకొని తిరిగే మనిషిని చూసి, అత్తగారికి తాంబూలం దంచే అల్లుడు అనుకోవడానికి ఆయనకు రెండు క్షణాలు కూడా పట్టలేదు. నా ముఖంలో మినహాయింపు రాసి పెట్టి ఉంది కాబోలు. చట్టం ఉద్దేశాన్ని చూస్తుందంటారు. రోడ్డు మీద పోలీసు ముఖాన్ని చూస్తాడు. ముఖం సరిగా లేని కుర్రాళ్ళను ఇదే స్పానరుతో ఆపి ఎంతసేపు నిలబెడతారో ఆ రోడ్డు మీద పోయే ఎవర్నడిగినా చెబుతారు. నన్ను పొమ్మన్నాడు.

కారు కదిలాక బావమరిదికి మాట వచ్చింది. “అమ్మ చెప్పింది చట్టప్రకారం చానా గట్టి వాదం బావా. గృహ వినియోగం.”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“నాకు ఆ రోలు సంగతి తట్టలేదు.”

పాండవులు తల్లి శవమని చెప్పి ఆయుధాలు దాచారు. నాకు బతికున్న అత్తగారు అడ్డుపడింది. అరువాలు కరుప్పు ముందు పాతి, దండం పెట్టుకొని, రాడ్డు వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచాను. ఆవిడ అప్పటికే తాడు మణికట్టుకు తగిలించుకొని దంచుకుంటోంది.

అది ఇప్పుడు మదురైలో, వంటింటి గోడ మేకుకు, తాడుతో వేలాడుతోంది. నా సీటు కింద గొడుగు పెట్టుకున్నాను. చేతికర్రను చట్టమే పేరు పెట్టి వదిలేసింది కదా, గొడుగు దానికి చిన్నమ్మ కొడుకన్నా అవుతుంది. దొర్లదు కూడా.

మొన్న అత్తగారు ఫోను చేసింది. గాట్లలో సున్నం ఇరుక్కుంటోందట, కడిగితే పోవడం లేదట. పట్టు నున్నగా, కొస ఇత్తడిది, బరువు ఇంకొంచెం ఎక్కువ, అటువంటిది ఇంకొకటి కావాలట. మా ఆవిడ వెళ్ళి రోలు లోపలి కొలత వెర్నియరుతో తీసుకొచ్చింది. నేను ఆవారంపాళయం పోయి లేతు అబ్బాయికి కాగితం ఇచ్చాను. ఈసారి టాలరెన్సు కూడా రాశాను.